ఆకుపచ్చ శైవలాల్లో హరితరేణువు ఆకారం: పెరిగే పరిస్థితుల ప్రభావం

ఆకుపచ్చ శైవలాల కణంలో సూర్యరశ్మిని పట్టి ఆహారం తయారుచేసే భాగం హరితరేణువు. వరి ఆకులోని ఒక్కో కణంలో ఇవి పదుల సంఖ్యలో ఉంటాయి, అన్నీ ఇంచుమించు ఒకే తీరు బిళ్లలు. శైవలాల్లో అలా కాదు. క్లామిడోమొనాస్ కణానికి ఒక్కటే హరితరేణువు, అదీ గిన్నె ఆకారంలో. స్పైరోగైరాలో కణం గోడ వెంబడి మెలితిరిగిన పట్టీ. జిగ్నీమాలో రెండు నక్షత్రాలు, మౌజీషియాలో పలుచని పలక, ఈడోగోనియంలో వల, యులోథ్రిక్స్‌లో నడుముకు పెట్టిన వడ్డాణం తీరు పట్టా, కారాలో లెక్కపెట్టలేనన్ని చిన్న బిళ్లలు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లలో చాలామందికి ఈ వరస కంఠతా వచ్చు.

పాఠ్యపుస్తకాల్లోని ఆ బొమ్మలు తప్పు కావు. అయితే అవి మంచి వెలుతురులో, పోషకాలకు కొదవ లేని నీటిలో, చురుగ్గా పెరుగుతున్న కణాన్ని చూసి గీసినవి. అదే శైవలాన్ని నీడలో పెంచినా, నత్రజని తగ్గించినా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ అందించినా, నీరు ఎండిపోనిచ్చినా సూక్ష్మదర్శినిలో కనిపించే రూపం మారిపోతుంది. మూల నమూనా జన్యువుల చేతిలో ఉంటుంది. స్పైరోగైరా పట్టీ ఏ నీటిలో పెరిగినా నక్షత్రం కాదు. కానీ ఆ నమూనాకు లోబడి హరితరేణువు పరిమాణం, అంచుల తీరు, మందం, కణంలో అది ఉండే చోటు, దానిలోని పైరినాయిడ్ స్పష్టంగా కనిపించడమూ కనిపించకపోవడమూ అంతకు ముందు గడిచిన గంటలను, రోజులను బట్టి మారుతుంటాయి. శైవలాన్ని గుర్తుపట్టాలనుకునేవాళ్లు ఈ రెండింటినీ విడదీసి చూడగలగాలి. చాలా పాత వర్గీకరణల్లో చిక్కు వచ్చింది ఇక్కడే.

దొర్నిపాడు చుట్టుపక్కల నీళ్లు

నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డకూ కోవెలకుంట్లకూ నడుమ ఉన్న దొర్నిపాడు మండలం కుందూ నది పరీవాహకంలోని నల్లరేగడి ప్రాంతం. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు-కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్, ఈ తట్టున వరికి ఆధారం. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఈ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. శైవలాల దృష్టితో చూస్తే ఒకే ఊరి పొలిమేరలో ఎన్ని రకాల నీళ్లు ఉంటాయో ఇలాంటి ఆయకట్టులో తెలుస్తుంది. వరద రోజుల్లో ఎర్రగా పారే కాలువ నీరు ఒకటి. అందులో మన్ను ఎక్కువ, అడుగుకు వెలుతురు దిగదు. బోరు దగ్గర పశువులు తాగే సిమెంటు తొట్టి ఇంకొకటి. అది రోజంతా ఎండలో ఉంటుంది, పోషకాలు తక్కువ, అప్పుడప్పుడు పూర్తిగా ఎండుతుంది. వానాకాలంలో తడిసిన మట్టిగోడ, కుంట అంచు, డ్రైనేజీ కాలువ వేటికవే. ఉత్తరాన మహానంది కోనేరులో ఏడాది పొడవునా ఊరే తేటనీరు వీటన్నిటికీ భిన్నమైనది.

వరిమడి మాత్రం తనంతట తానే ఒక ప్రయోగశాల. నాట్లు వేసిన కొత్తలో బెత్తెడు లోతు నీరు, పైన అడ్డు లేని ఎండ, అప్పుడే చల్లిన డీఏపీ, యూరియా. ఈ దశలోనే పాచి విజృంభిస్తుంది. కొన్ని వారాలకు దుబ్బులు కట్టి, ఆకులు ఒకదానిమీదొకటి కమ్ముకుని, నీటి మీద పడే వెలుతురు బాగా తగ్గిపోతుంది. వేసిన నత్రజని అయిపోతుంది. కోతకు ముందు నీరు తీసేస్తారు. ఒక పంటకాలంలో ఒకే మడిలోని శైవలం ఎండ, నీడ, తిండి, పస్తు, తడి, ఎండు అన్నీ చూస్తుంది. ప్రయోగశాలలో వేరువేరు సీసాల్లో వేరువేరుగా పెట్టి పరీక్షించేవి ఇవే.

ఆకారం దేనిమీద నిలబడుతుంది

హరితరేణువుకు రెండు పొరల కవచం ఉంటుంది. లోపల థైలకాయిడ్లనే పలుచని పొరల సంచులు, వాటి చుట్టూ స్ట్రోమా అనే ద్రవం. పత్రహరితం థైలకాయిడ్ల పొరల్లో ఉంటుంది. చాలా ఆకుపచ్చ శైవలాల్లో స్ట్రోమాలో ఒకటో రెండో అంతకన్నా ఎక్కువో గుండ్రని గట్టి ముద్దలు కనిపిస్తాయి. అవి పైరినాయిడ్లు. చుట్టూ పిండిపదార్థం పలకలుగా పేరుకుని ఉంటుంది. బయట, కణద్రవ్యంలోని యాక్టిన్ పోగులూ సూక్ష్మనాళికలూ హరితరేణువును ఒక చోట పట్టి ఉంచుతాయి, అవసరమైతే జరుపుతాయి.

అంటే పైకి కనిపించే ఆకారానికి మూడు మూలాలు. లోపల థైలకాయిడ్లు ఎంత ఉన్నాయి, పిండి ఎంత నిండింది, బయటి పోగులు దాన్ని ఎటు లాగుతున్నాయి. పెరిగే పరిస్థితి ఏదైనా ఈ మూడింటిలో ఏదో ఒకదాని ద్వారానే ఆకారాన్ని మారుస్తుంది. క్లామిడోమొనాస్ కణం పది మైక్రోమీటర్ల ప్రాంతంలో ఉంటే అందులో దాదాపు సగం హరితరేణువే. దానిలో ఏ కొద్ది మార్పు వచ్చినా కణం మొత్తం రూపు మారినట్టు అనిపించడం సహజం.

వెలుతురు

వెలుతురు చేసే మార్పుల్లో కళ్లకు కట్టేది మౌజీషియాది. కొమ్మలు లేని పోగుగా పెరిగే ఈ శైవలంలో ప్రతి కణానికీ పొడుగునా ఒకే ఒక పలక ఉంటుంది. వెలుతురు మెత్తగా ఉన్నప్పుడు పలక తన వెడల్పు ముఖాన్ని వెలుతురు వైపు తిప్పుతుంది. ఎండ తీవ్రమైతే తన పొడుగు అక్షం మీద తిరిగి అంచు మాత్రమే వెలుతురుకు చూపిస్తుంది. ఇలా పూర్తిగా తిరగడానికి అరగంట చాలు. సూక్ష్మదర్శినిలో మొదటి స్థితిలో కణమంతా పచ్చగా కనిపిస్తుంది, రెండో స్థితిలో మధ్యన ఒక పచ్చని గీత మాత్రమే. సంగతి తెలియని విద్యార్థి రెండు బొమ్మలు గీసి రెండు పేర్లు పెట్టవచ్చు.

జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ హౌప్ట్ 1950ల చివర నుంచి ఈ కదలికను పట్టుకుని కూర్చున్నాడు. ఎర్ర కాంతి పలకను తిప్పుతుందనీ, ఆ వెంటనే ఎరుపుకు ఆవలి కాంతి ఇస్తే ఆ ఆజ్ఞ రద్దవుతుందనీ చూపించాడు. మొక్కల్లో గింజ మొలకెత్తడాన్నీ పూత కాలాన్నీ శాసించే ఫైటోక్రోమ్ లక్షణమిది. 2005లో మౌజీషియాలో నియోక్రోమ్ అనే గ్రాహకపు జన్యువులు బయటపడ్డాయి. ఎర్ర కాంతిని గ్రహించే భాగమూ నీలి కాంతిని గ్రహించే భాగమూ ఒకే ప్రోటీన్‌లో అతికి ఉండటం దీని ప్రత్యేకత. ఫెర్న్‌లలోనూ ఇలాంటిదే ఉంది. రెండు చోట్లా ఇది విడివిడిగా పుట్టిందని ఆ పరిశోధకుల నిర్ధారణ. పలకను నిజంగా తిప్పేవి యాక్టిన్ పోగులు.

సముద్రపు శైవలాల్లో ఇలాంటి కదలికకు గడియారం కూడా తోడవుతుంది. విశాఖ తీరం బండల మీద పచ్చని పలుచటి ఆకుల్లా పరుచుకునే అల్వాను గమనించండి. ఆ ప్రజాతిలో హరితరేణువు పగటిపూట కణం పై ముఖాన పరుచుకుంటుంది, రాత్రి పక్కగోడల వైపు జరుగుతుంది. నిరంతరం ఒకే వెలుతురులో ఉంచినా కొన్ని రోజులపాటు ఈ లయ ఆగదని 1976లో బ్రిట్స్, బ్రిగ్స్ చూపించారు. అసిటాబ్యులేరియాలో హరితరేణువులు జరగడమే కాక పగలు పొడుగుగా, రాత్రి గుండ్రంగా మారతాయి. హాలిమీడాలో రాత్రికి పైపొరను విడిచి లోపలికి దిగిపోతాయి. ఏ గంటకు సేకరించారన్నది రాయకుండా గీసిన బొమ్మకు విలువ ఎంత తగ్గుతుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్కువ రోజుల నీడ వేరే రకం మార్పు తెస్తుంది. వరి కమ్ముకున్న తరవాత అడుగున మిగిలిన శైవలం లాంటి పరిస్థితి ఇది. దొరికిన కొద్ది వెలుతురునూ వదలకుండా పట్టుకోవడానికి కణం పత్రహరితం పెంచుతుంది, థైలకాయిడ్లు ఎక్కువగా దొంతులు కడతాయి, కాంతిని పట్టే ప్రోటీన్ల సమూహాలు పెద్దవవుతాయి. రంగు ముదురుతుంది. నడి ఎండలో పెరిగిన కణంలో దీనికి తారుమారు. దొంతులు పలుచన, పత్రహరితం తక్కువ, రక్షణ కోసం పసుపు వర్ణకాలు ఎక్కువ. రైతు కంటికి ముదురు పచ్చ పాచి, లేత పసుపు పాచి రెండు జాతులుగా తోచవచ్చు. చాలాసార్లు రెండూ ఒకటే.

నత్రజని కరువు

పత్రహరితంలోనూ రూబిస్కో అనే ఎంజైములోనూ నత్రజని ఉంటుంది. రూబిస్కో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెరగా మార్చే పనిలో మొదటి అడుగు వేస్తుంది. హరితరేణువులోని ప్రోటీన్‌లో పెద్ద వాటా దానిదే. నీటిలో నత్రజని అయిపోయినప్పుడు కణం మొదట చెయ్యి పెట్టేది ఈ నిల్వ మీదనే. క్లామిడోమొనాస్‌లో రూబిస్కో, ఇతర కిరణజన్య ప్రోటీన్లు విరిగిపోతాయి, థైలకాయిడ్లు పలుచబడతాయి, పచ్చదనం తగ్గుతుంది. కార్బన్ మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది గనక దాన్ని ఏం చేయాలో తెలియక పిండిగా, నూనెగా మారుస్తుంది. పిండి రేణువులు స్ట్రోమాను నింపేసి, గిన్నె ఉబ్బి, థైలకాయిడ్లు మూలలకు నెట్టబడతాయి. గిన్నె అంచు ఎక్కడ, లోపలి గుంత ఎక్కడ అన్నది గుర్తుపట్టడమే కష్టమవుతుంది. నూనె బొట్లు ఎక్కువగా కణద్రవ్యంలో చేరతాయి. క్లామిడోమొనాస్‌లో లైంగిక కణాలు తయారయ్యేదీ ఇదే దశలో.

జిగ్నీమా విషయంలో ఈ మార్పు మరింత స్పష్టం. పోషకాలు ఉన్న నీటిలో దాని రెండు నక్షత్రాల కొమ్ములు పొడుగ్గా, విడివిడిగా కణం గోడ దాకా చాచుకుని ఉంటాయి. ప్రేగ్‌లో మార్టినా పిఖర్తోవా, ఆస్ట్రియాలో ఆండ్రియాస్ హోల్జింగర్ బృందాలు 2014 ప్రాంతం నుంచి చేసిన పరిశోధనల్లో, నత్రజని లేని మాధ్యమంలో కొన్ని వారాలు పెంచిన పోగుల్లో ఈ కొమ్ములు పొట్టిబడి, కణంలో పిండి, నూనె నిండి, గోడ మందమై కనిపించింది. ఈ కణాలు ఎండిపోవడాన్ని లేత కణాలకన్నా బాగా తట్టుకుంటాయి. ధ్రువ ప్రాంతాల్లో పెరిగే జిగ్నీమా మీద చేసిన ఈ పని రాయలసీమకు పరాయిది కాదు. కుంట అడుగు పగుళ్లిచ్చే చోట బతకాల్సిన శైవలం ముందున్న సమస్య అదే, అయితే అక్కడ చలి, ఇక్కడ ఎండ.

నత్రజని కరువుకు గట్టి ఎండ తోడైతే రంగే మారిపోతుంది. ఉప్పు మడుల్లో పెరిగే డునాలియెల్లా సాలైనాలో బీటా కెరోటిన్ థైలకాయిడ్ల నడుమ చిన్న బొట్లుగా చేరి, ఎండబెట్టిన బరువులో పది శాతం దాకా చేరుకోగలదు. అప్పుడు పచ్చని గిన్నె నారింజ రంగు ముద్దగా కనిపిస్తుంది. ఎండిన తొట్ల అడుగున, బండ గుంతల్లో ఎర్ర మరకగా కనిపించే హీమటోకాకస్ దారి వేరు. అందులోని ఎర్ర వర్ణకం అస్టాజాంతిన్ హరితరేణువు బయట, కణద్రవ్యపు నూనె బొట్లలో ఉంటుంది. హరితరేణువు కుచించుకుపోయి ఎరుపు వెనక దాక్కుంటుంది. తొట్టి కడిగి మళ్లీ నీరు నింపినప్పుడు ఆ ఎర్ర కణాలే కశాభాలున్న పచ్చని కణాలను విడుదల చేస్తాయి. రెండు శైవలాలకూ కారణం ఒకటే అయినా, సరుకు దాచుకునే చోటు వేరు కాబట్టి హరితరేణువుల గతీ వేరు.

కార్బన్ డయాక్సైడ్, పైరినాయిడ్

వరిమడిలో పాచి దట్టంగా ఉన్న రోజు మిట్టమధ్యాహ్నం నీటిని పరీక్షిస్తే క్షారత పెరిగి ఉంటుంది. పీహెచ్ 9 దాటడం వింతేమీ కాదు. శైవలాలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడమే దీనికి కారణం. రాత్రి అవి శ్వాసించి దాన్ని వెనక్కి వదిలితే పీహెచ్ మళ్లీ దిగుతుంది. దీని దెబ్బ రైతుకూ తగులుతుంది. నిలిచిన నీటిలో వేసిన యూరియా అమ్మోనియాగా మారినప్పుడు, పీహెచ్ ఎక్కువ ఉంటే అది వాయువుగా గాలిలో కలిసిపోతుంది. పాచి ఉన్న మడిలో పైపాటుగా వేసిన యూరియా వృథా పోతుందనే మాటకు ఆధారం ఇది.

అదే మధ్యాహ్నం శైవలపు కణం పరిస్థితి ఏమిటి? ఎండ పుష్కలం, కార్బన్ డయాక్సైడ్ దాదాపు శూన్యం. అది బైకార్బనేట్‌ను లోపలికి పంపు చేసి, రూబిస్కో ఉన్న చోట మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ చోటు పైరినాయిడ్. క్లామిడోమొనాస్‌ను మామూలు గాలిలో పెంచినప్పుడు రూబిస్కోలో సుమారు 90 శాతం పైరినాయిడ్‌లో ఉంటుంది. గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపి పెంచితే అది 40 శాతం దగ్గరికి పడిపోతుందని 1998లో తేలింది. తక్కువ కార్బన్ ఉన్నప్పుడు కొన్ని గంటల్లోనే పైరినాయిడ్ చుట్టూ పిండి పలకల తొడుగు ఏర్పడుతుంది. ఎక్కువ ఉన్నప్పుడు ఆ తొడుగు పలుచబడి, పిండి స్ట్రోమాలో చెల్లాచెదురవుతుంది.

పైరినాయిడ్ గట్టి ముద్ద కాదనీ, ప్రోటీన్ల ద్రవపు బొట్టులా ప్రవర్తిస్తుందనీ 2017లో బయటపడింది. రూబిస్కో అణువులను ఒకదానితో ఒకటి కలిపే ప్రోటీన్‌ను అంతకు ముందు ఏడాదే గుర్తించి ఎపిక్‌1 అని పేరు పెట్టారు. కణం విభజన చెందేటప్పుడు ఆ బొట్టు రెండుగా చీలుతుంది, కొంత కరిగి మళ్లీ కూడుకుంటుంది. భూమి మీద జరిగే కార్బన్ స్థిరీకరణలో దాదాపు మూడో వంతు పైరినాయిడ్ల ద్వారానే సాగుతోందని అంచనా. వరిలోనూ గోధుమలోనూ పైరినాయిడ్ లేదు. దాన్ని పంట మొక్కల్లోకి తేవాలన్న ప్రయత్నంలో భాగంగా 2020లో ఎడిన్‌బరా బృందం ఆవాల కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌ హరితరేణువుల్లో ఎపిక్‌1 సాయంతో పైరినాయిడ్ లాంటి ముద్దను ఏర్పరచగలిగింది.

పరిశీలకుడికి ఇందులో ఆచరణకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మామూలు సూక్ష్మదర్శినిలో పైరినాయిడ్ కనిపించేది చాలావరకు దాని చుట్టూ ఉన్న పిండి తొడుగు వల్లే. టించర్ అయొడిన్ చుక్క వేస్తే నల్లని నీలి చుట్టు తేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ బుడగలు ఎక్కించి పెంచిన కణంలో తొడుగు బలహీనంగా ఉంటే, పైరినాయిడ్ లేదని పొరబడే ప్రమాదం ఉంది. క్లామిడోమొనాస్‌కూ క్లోరోమొనాస్‌కూ తేడా పైరినాయిడ్ ఉండటం, లేకపోవడం మాత్రమేనని చాలాకాలం పుస్తకాలు చెప్పాయి. జన్యుక్రమాలు పోల్చిన తరవాత ఆ గీత నిలవలేదు.

చీకటి, చక్కెర

వరి నారును చీకట్లో పెడితే లేత పసుపుగా పాలిపోతుంది. పత్రహరితం తయారీలో ఒక మెట్టుకు పూలమొక్కల్లో వెలుతురు తప్పనిసరి కావడం దీనికి కారణం. చాలా ఆకుపచ్చ శైవలాల్లో ఆ మెట్టును చీకట్లోనే దాటించే మరో ఎంజైము కూడా ఉంది. అందుకే ఎసిటేట్ తిండి పెట్టిన క్లామిడోమొనాస్ వారాల తరబడి చీకట్లో ఉన్నా పచ్చగానే ఉంటుంది, గిన్నె ఆకారం చెడదు.

ఈ రెండో దారి లేని వై-1 అనే క్లామిడోమొనాస్ ఉత్పరివర్తిత రకం చీకట్లో పసుపు రంగుకు దిగుతుంది. హరితరేణువు గిన్నె మిగులుతుంది గానీ అందులో థైలకాయిడ్లు దాదాపు మాయమవుతాయి. వెలుతురులోకి తెచ్చిన కొన్ని గంటల్లోనే మళ్లీ పొరలు పేర్చుకుంటుంది. 1967లో ఓహాద్, సీకెవిట్జ్, పలాడే ఈ కణాలను తీసుకుని కిరణజన్య పొరలు ఎలా కట్టబడతాయో మెట్టుమెట్టుగా చూపారు. ఆ ముగ్గురిలో జార్జ్ పలాడేకు 1974లో నోబెల్ బహుమతి వచ్చింది, కణ నిర్మాణం మీద ఆయన మొత్తం కృషికి.

క్లోరెల్లా ప్రోటోథికాయిడ్స్‌ది ఇంకో విడ్డూరం. దానికి గ్లూకోజ్ దండిగా, నత్రజని తక్కువగా ఇస్తే వెలుతురు ఉన్నా సరే పచ్చదనం వదిలేస్తుంది. థైలకాయిడ్లు కరిగి, హరితరేణువు క్షీణిస్తుంది. నత్రజని పెంచి గ్లూకోజ్ తగ్గిస్తే తిరిగి పచ్చబడుతుంది. 1964లో జపాన్ పరిశోధకులు షిహిరా-ఇషికావా, హాసే దీన్ని వివరించారు. తేరగా చక్కెర దొరుకుతుంటే కిరణజన్య యంత్రాంగాన్ని పోషించే ఖర్చు కణం పెట్టుకోదు. యూగ్లీనా కూడా చీకట్లో హరితరేణువులను చిన్న రంగులేని ముద్దలుగా కుదించుకుంటుంది. అయితే అది ఆకుపచ్చ శైవలాల వంశానిది కాదు, దాని పూర్వికులు ఒక ఆకుపచ్చ శైవలాన్ని మింగి హరితరేణువును సంపాదించుకున్నాయి.

వేడి, రాగి

ఎండాకాలం నంద్యాల, ఆళ్లగడ్డ తట్టున పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రయోగశాల క్లామిడోమొనాస్‌కు 25 డిగ్రీల ప్రాంతం హాయి. 40 దగ్గర విభజన ఆగిపోతుంది, థైలకాయిడ్ల వరస చెదురుతుంది. అయితే ప్రపంచమంతా వాడే ఆ ప్రయోగశాల వంశం 1945లో అమెరికాలోని మసాచుసెట్స్ ఆలుగడ్డల చేని మట్టినుంచి తెచ్చింది. రాయలసీమ కుంటల్లో తరతరాలుగా ఉన్న శైవలానికీ అదే హద్దు ఉంటుందని అనుకోవడానికి లేదు.

వరిలో పాచి ఎక్కువైతే మైలుతుత్తం మూటకట్టి నీరు పారే మడవ దగ్గర ఉంచడం పాత పద్ధతి. రాగి అయాన్లు థైలకాయిడ్ల పనిని అడ్డుకుంటాయి, పత్రహరితంలోని మెగ్నీషియం స్థానాన్ని ఆక్రమించగలవు. దెబ్బతిన్న స్పైరోగైరాలో పట్టీ గోడను విడిచి కణం మధ్యకు ముడుచుకుపోతుంది. ఇది చావు లక్షణం, పరిస్థితికి తగినట్టు సర్దుకోవడం కాదు. మందు వేసిన మడినుంచి తెచ్చిన నమూనాతో జాతిని నిర్ణయించకూడదు.

స్పైరోగైరాను దగ్గరనుంచి చూస్తే

చేతికి జారుడుగా, పట్టులా తగిలే పాచి పోగులు నాలుగు తెచ్చి గాజుపలక మీద పరిచి, పదింతలు పెద్దది చేసే కటకంలో మొదట చూడాలి. కణాల పొడుగు వెడల్పులు అక్కడ తెలుస్తాయి. నలభై ఇంతల కటకానికి మారిస్తే పట్టీ అంచులు కనిపిస్తాయి. కొన్నిటిలో నున్నగా, కొన్నిటిలో రంపపు పళ్లలా. పట్టీ పొడుగునా పైరినాయిడ్లు వరసగా మెరుస్తాయి. కణం నడుమ కణద్రవ్యపు సన్నని తీగల మీద కేంద్రకం వేలాడుతుంటుంది. జాతిని బట్టి కణానికి పట్టీలు 1 నుంచి 16 దాకా ఉండవచ్చు. ఉదయం తెచ్చిన పోగుకూ సాయంత్రం తెచ్చిన పోగుకూ అయొడిన్ వేసి పోల్చండి. పగలంతా పోగేసిన పిండి సాయంత్రపు నమూనాలో నల్లగా పట్టీని కప్పేస్తుంది. పట్టీ ఆకారాన్ని గీయాలంటే ఉదయమే మేలు.

చుట్లు ఎన్ని అన్నది స్థిరమైన లక్షణం కాదు. విభజన చెందగానే కణం పొట్టిగా ఉంటుంది, చుట్లు దగ్గరగా. కణం సాగుతున్నకొద్దీ చుట్టుకూ చుట్టుకూ ఎడం పెరుగుతుంది. విభజన మందగించి, సాగడం మాత్రం కొనసాగే పరిస్థితుల్లో పోగంతా వదులు చుట్లే. అమెరికాలో రాబర్ట్ హోషా బృందం 1980లలో తేల్చింది ఇంకా కలవరపెట్టే విషయం. ఒకే పోగునుంచి పెంచిన స్పైరోగైరాలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపై, వేరే వెడల్పు ఉన్న పోగులు వచ్చాయి. పాత పద్ధతిలో కొలిస్తే అవి వేరు జాతులే. వెడల్పు, పట్టీల సంఖ్య మీద కట్టిన జాతుల పట్టికలను అప్పటినుంచి జాగ్రత్తగా చదవాల్సి వస్తోంది.

వర్గీకరణ, సేకరణ

భారతదేశంలో ఈ శైవలాల మీద మంచి గ్రంథాలు వచ్చాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురించిన ఎం.ఎస్. రంధావా జిగ్నిమేసి, కె.ఆర్. రామనాథన్ యులోట్రైకేలిస్, ఎం.టి. ఫిలిపోస్ క్లోరోకోకేలిస్ మోనోగ్రాఫులు 1959 నుంచి 1967 మధ్యలో వెలువడి, ఇప్పటికీ మన సేకర్తల చేతుల్లో ఉన్నాయి. నెల్లీ కార్టర్ 1919–20లో డెస్మిడ్లనే ఆకుపచ్చ శైవలాల హరితరేణువుల మీద రాసిన వ్యాసమాల ఇంకా పాతది. వీటిలోని బొమ్మలు అపురూపమైనవి. కానీ చాలా బొమ్మలకు కింద వెలుతురు, నీరు, వేళ గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ లోటే మనకు ఇప్పుడు అడ్డం.

ఈ విషయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఒరవడి మేలైనది. ఎ.ఆర్. జాఫర్ 1964లో హైదరాబాద్ చేపల చెరువుల మీద, వి. వెంకటేశ్వర్లు 1969లో మూసీ నది మీద, జి. శీనయ్య 1971లో నగరపు చెరువుల మీద ప్రచురించిన పరిశీలనలు హరితరేణువుల గురించి కావు, ఏ నీటిలో ఏ శైవలాలు ఎప్పుడు ఉంటాయన్న దాని గురించి. అయినా వాళ్లు శైవలాన్ని దాని నీటి రసాయన స్థితితో కలిపి చూశారు. ఆకారం గురించి మాట్లాడేవాళ్లకు కావలసిన అలవాటు అదే. ఇవాళ కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని పత్రహరితపు ఎర్రని మెరుపును పట్టి హరితరేణువును మూడు కొలతల్లో చూపిస్తోంది. లైకెన్లలో ఉండే ఆస్టరోక్లోరిస్‌ను ఇలా పరిశీలించి, చెక్ పరిశోధకులు స్కాలౌడ్, పెక్సా 2008లో ఒకే జాతిలో కణం వయసును బట్టి హరితరేణువు ఒక క్రమంలో రూపాలు మారుతుందనీ, ఆ రూపాల క్రమమే జాతిని పట్టిస్తుందనీ చూపారు. ఒక్క బొమ్మ బదులు ఒక వరస బొమ్మలు ఉండాలన్నది వాళ్ల పని చెప్పే పాఠం, నా మటుకు అది పాఠ్యపుస్తకాలకూ వర్తించాలి.

దొర్నిపాడు లాంటి చోట కళాశాల విద్యార్థి ఎవరైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. సీసా మీద రాయాల్సినవి ఇవి: తేదీ, గంట, నీటి లోతు, నీడా ఎండా, నీటి వేడి, లిట్మస్‌తో కాక పీహెచ్ కాగితంతో చూసిన అంకె, ఎరువు లేదా మైలుతుత్తం ఎప్పుడు వేశారన్నది. ఒకే మడినుంచి నాట్లప్పుడు, దుబ్బు కట్టాక, నీరు తీసే ముందు తెచ్చి పోల్చితే పైన చెప్పిన మార్పుల్లో సగం కళ్లారా చూడవచ్చు. సీసాలో పాచి కొద్దిగా, నీరు ఎక్కువగా ఉండాలి, మూత బిగించకూడదు, ఎండ తగలకూడదు. వేడెక్కిన సీసాలో స్పైరోగైరా చాలా త్వరగా కుళ్లుతుంది. ఫార్మలిన్ పోస్తే గోడలు నిలుస్తాయి గానీ హరితరేణువు ముడుచుకుని రంగు పోతుంది, అయొడిన్ ద్రావణం గోధుమ రంగు పట్టిస్తుంది. కాబట్టి హరితరేణువు బొమ్మ మాత్రం ప్రాణమున్న కణాన్ని చూసి, తెచ్చిన రోజే గీయాలి.